కొండ మీద ఫలక్‌నుమా, కింద పాతబస్తీ

మా కొత్తవలసలో ఫలక్‌నుమా అంటే ఆగకుండా పోయే రైలు. కిరండూల్ ప్యాసింజర్ కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడితే, దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయేది. అది ఒక ప్యాలెస్ పేరని చాలా లేటుగా తెలిసింది. (2019లో విశ్వక్‌సేన్ సినిమా వచ్చాక మా వీధిలో అందరికీ తెలిసిందనుకోండి.) మొన్న డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆ ప్యాలెస్ హోటల్లో సాయంత్రం టీకి బుక్ చేశాను. రూమ్ అద్దె జోలికి మనం వెళ్లొద్దు. టీ బిల్లు ఎంతో చెప్తేనే మా అమ్మ ఫోన్‌లో "ఏటి, ఒట్టి టీకా?" అంది.

చార్మినార్ దగ్గర ఆటో ఎక్కాను. 1591లో కులీ కుతుబ్‌షా మొదలుపెట్టిన ఊరు ఇది. శాలిబండ, అలియాబాద్, ఇంజన్‌బౌలి... మిర్చి బజ్జీల వాసన, పాత కమాన్లు, వాటికి వేలాడే కరెంటు తీగలు. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "లోపలికి పోతున్నవా అన్నా? నేను పుట్టింది, పెరిగింది ఈడ్నే. గేటు దాక వందసార్లు వచ్చిన, లోపలెట్లుంటదో చూడలే" అన్నాడు.

గేటు దగ్గర పేరు చూసుకుని గుర్రబ్బగ్గీ ఎక్కించారు. పైకి వెళ్తుంటే ఆటో హారన్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం. పాయిగా నవాబు వికార్-ఉల్-ఉమ్రా 1884లో మొదలుపెట్టి, దాదాపు తొమ్మిదేళ్లు కట్టించాడు. పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందట. పాలరాయి ఇటలీది. కడుతూ కడుతూ నవాబుగారు అప్పుల్లో మునిగాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా వచ్చి, నచ్చి, ఉండిపోయాడని అంటారు. చివరికి ఇల్లు ఆయనదే అయింది. ఇంటికొచ్చిన చుట్టం ఇంటినే తీసుకోవడం మన సామెతల్లో కూడా లేదు!

లోపల నన్ను పట్టేసింది భోజనాల బల్ల. ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. ఈ చివర్న మాట్లాడితే ఆ చివర్న వినిపిస్తుందని గైడ్ అంటే, మేం నలుగురం పోయి గుసగుసలాడాం కూడా. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ బస చేశారు. తర్వాత చాలా ఏళ్లు ఈ గదులు మూతపడే ఉన్నాయి. తాజ్ గ్రూప్ లీజుకు తీసుకుంది, ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి బాగుచేయించారు. దాదాపు పదేళ్ల పని తర్వాత 2010 నవంబర్‌లో హోటల్‌గా తెరిచారు. 2017లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు విందు ఇక్కడే.

టీ తాగుతుంటే మనసు మా విజయనగరం మీదికి పోయింది. 1713లో కట్టిన కోట అది. పి.వి.జి. రాజుగారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టారు, కోటలోకి కాలేజీలు వచ్చాయి. ఎవరైనా నడిచి వెళ్లొచ్చు. నేనూ వెళ్లాను, పుస్తకాల సంచీతో, నగారాఖానా గుమ్మం కిందనుంచే. బుకింగూ లేదు, బగ్గీ లేదు. కానీ 1869 నాటి మోతీమహల్ ఏదీ? 2020లో కూల్చేశారు. ఇక్కడేమో ఒక్కో షాండిలియర్ తళతళలాడుతోంది. ఆ తళతళకి డబ్బు ఎవరిస్తున్నారు? రాత్రికి లక్షలు పోసి పడుకునేవాళ్లు, టీకి వచ్చే నాలాంటివాళ్లు.

హోటల్ చేయకపోతే ఇది కూడా బూజు పట్టి ఉండేదేమో. అది ఒప్పుకుంటాను. అయినా నెలకొక్క రోజు, పాతబస్తీ అడ్రస్ ఆధార్ చూపించినవాళ్లని ఊరికే లోపలికి పంపితే తాజ్‌కి తరిగేదేముంది?

చీకటి పడ్డాక టెర్రస్ మీదనుంచి ఊరు మొత్తం దీపాలతో కనిపించింది. దిగి వచ్చేసరికి అదే ఆటో. ఫోన్ ఇచ్చి ఫొటోలు చూపించాను. బల్ల దగ్గర ఆగి, జూమ్ చేసి, "ఇంత పెద్దదా! మా చెల్లె పెండ్లిల ఇసోంటిది ఒక్కటుంటే సరిపోవు" అన్నాడు.

వెళ్లాలనుకుంటే టీకైనా ముందే బుక్ చేసుకోండి, ఊరికే వెళ్తే గేటు దాటనివ్వరు. సికింద్రాబాద్ నుంచి ఎంఎంటీఎస్ ఫలక్‌నుమా స్టేషన్‌ దాకా వస్తుంది. వచ్చేటప్పుడు శాలిబండలో దిగి ఇరానీ చాయ్ తాగండి. బిస్కెట్లతో కలిపినా పైన కట్టిన బిల్లు మీద జీఎస్టీ అంత కూడా కాదు.