గుండె నొక్కాలా, వద్దా?

"మేష్టారూ, రాత్రికి గుండె ఆగితే నొక్కమంటారా, వద్దంటారా?" అని ఆ యువవైద్యుడు అడిగినప్పుడు, ముప్పై యేండ్లకు పైగా పిల్లలకు ఛందస్సు, వ్యాకరణం బోధించిన నాకు ఆ చిన్న వాక్యం చప్పున బోధపడలేదు.

మూడేండ్ల కిందటి మాఘమాసం మాట. మా అన్నకు ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకింది. వారం రోజులుగా నోట మాట లేదు. వైద్యుడు దాచకుండా చెప్పాడు. సీపీఆర్ అంటే రొమ్ముపై రెండంగుళాల లోతున, నిమిషానికి నూరుసార్లకు తగ్గకుండా నొక్కాలి. వృద్ధులకు పక్కటెముకలు విరగడం అరుదు కాదు. గుండె మళ్లీ కొట్టుకున్నా రోగం ఉన్నచోటే ఉంటుంది. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఈ పద్ధతిని ప్రకటించింది హఠాత్తుగా గుండె ఆగినవారిని దక్కించుకోవడానికని తర్వాత చదివాను. గాలికి ఆరిన దీపాన్ని మళ్లీ వెలిగించవచ్చు. చమురు ఇంకిన ప్రమిదతో ఏం చేస్తాం?

అయితే అన్న కొడుకు ఊళ్లో లేడు. పొలం పనులు ముగియగానే కోసిగిలో ఎన్ని ఇళ్లకు తాళాలు పడతాయో మా సీమ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. మిరపకోతలకు గుంటూరు వైపు పోయినవారిలో వాడూ ఒకడు. ఫోనులో ఏడ్చాడు.

"నేనొచ్చేదాకా ఎట్లన్నా చేసి నిలపండి చిన్నాయనా. నాయిన మొగం చూడాల."

రోగికి మేలు లేని పనిని కొడుకు ఊరట కోసం చేయించవచ్చునా? ఒక్క రాత్రికే కదా అంటుంది మనసు. ఆ రాత్రి గడవవలసింది అన్న ఎముకలమీద కదా అంటుంది బుద్ధి. వదినను అడిగితే, "సదువుకున్నోనివి, నీకు తెల్సు కదప్పా" అని కొంగు నోట కుక్కుకుంది. వద్దని సంతకం చేశాను. నొప్పికి మందు, ప్రాణవాయువు, పెదవులు తడపడం ఏవీ ఆపలేదు. తెల్లవారుజామున అన్న పోయాడు. కొడుకు పొద్దెక్కాక వచ్చాడు.

"మేష్టరు అన్నను బతికించొద్దని రాసిచ్చినాడంట" అన్నది ఊరు. బతికించడం మా చేతిలో లేదు, నొక్కడం మాత్రమే ఉంది. 'పునరుజ్జీవనం' అని సంస్కృతంలో అన్నా అదే చిక్కు. ప్రయత్నానికి ఫలితం పేరు పెట్టాం. కానీ వ్యాకరణంతో ఊరి నోరు మూయగలమా!

2004 డిసెంబరు నాటి వెంకటేశ్ ఉదంతం మీలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. పాతికేండ్ల చదరంగ క్రీడాకారుడు. కండరాల క్షీణతతో హైదరాబాదులో వెంటిలేటరుపై ఉన్నాడు. తన అవయవాలు పరులకు ఉపయోగపడాలన్న అతని కోరికను తల్లి సుజాత గారు హైకోర్టు ముందుంచారు. మెదడు మరణించకముందు అవయవాలు తీయడానికి చట్టం ఒప్పదని కోర్టు నిరాకరించింది. ఆ నెలలోనే అతడు కన్నుమూశాడు. మాది ఆ సమస్య కాదు. అక్కడ కోరింది యంత్రం తొలగించమని, ఇక్కడ ఆగిన గుండెపై చేయి వేయవద్దని. అయినా ఆ తల్లికున్న బలం నాకు లేదు. ఆమె కొడుకు తన కోరిక తానే చెప్పుకున్నాడు.

మా అన్నను మేము అడగలేదు. నాలుగు నెలలపాటు 'నెమ్ము' అని అబద్ధమాడాం. ఒక సాయంత్రం అరుగుమీద, "ఒరే, నాది పెద్ద రోగమే కదా?" అన్నాడు. నేను వాన సంగతి ఎత్తాను. ఆయన నన్ను కాసేపు చూసి, ఆ ఏటి వాన గురించే మాట్లాడాడు. సంతకం కన్నా ఆ సాయంత్రమే నన్ను ఎక్కువగా పీడిస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు, మాట చెప్పగల రోగినే ముందు అడగమంటాయి. చికిత్స గురించి ముందుగానే పత్రం రాసుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావలసి ఉండేది. 2023 జనవరి నుంచి నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. (ఎంత సీనియరైనా తెలుగు పండితుడి సంతకం చెల్లదు, హెడ్మాస్టరుదే కావాలి!)

మొన్న ఉగాదికి నా పత్రం నేను రాసుకున్నాను. నాకు మాట పడిపోతే నా తరఫున చెప్పవలసిన దగ్గరివారి పేర్లలో అన్న కొడుకు పేరు కూడా వేశాను. వాడు కాగితం రెండుసార్లు చదివాడు.

"నన్నేల ఇరికిస్తావు చిన్నాయనా?"

"అడిగేనాటికి నేను చెప్పలేను కదరా. అందుకే ఇప్పుడే చెబుతున్నా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాయినకు నొప్పి ఉన్యాదా ఆ రాత్రి?" అన్నాడు. మూడేండ్లలో వాడు నన్ను అది అడగడం అదే మొదలు. మంచం పక్కన స్టూలు లాక్కుని, ఆ రాత్రి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.