సూది, దారము, ఒక పాత చీర

మన పల్లెలలో శుభకార్యము జరుగు ఇంట ఎంత సందడియో, పిలుపు అందిన పేదయింట అంత చింత. ఏమి పట్టుకొని పోవలెను? పెండ్లి పందిటిలో ఒక మూల బల్ల వేసికొని, ఎవరెవరు ఎంత చదివించిరో పుస్తకములో వ్రాయుచుందురు. కొన్ని ఊళ్లలో పేరును అంకెను కలిపి మైకులో చదువుదురు. వెయ్యి, రెండు వేలు అని వినబడుచుండగా, కొంగున నూరు రూపాయలు ముడివేసికొని వచ్చిన తల్లి మనస్సు ఎట్లుండునో, సహోదరీ, నీ వెరుగుదువు. కొందరు అప్పు చేసి చదివింతురు. కొందరు ఒంట్లో బాగుండలేదని ఇంటనే కూర్చుందురు.

మా వీధిలో ఒక పెద్దమ్మ యున్నది. పెనిమిటి పోయిన తరువాత కూలికి పోయి ఇద్దరు పిల్లలను పెంచెను. ఆరాధనకు తప్పక వచ్చును గాని, విందులకు వచ్చెడిది కాదు. అడిగినవారితో, "జనంలో నాకు తల తిరుగుతుందమ్మా" అనెడిది. అది అసలు కారణము కాదని వీధిలో అందరికిని తెలియును గనుక ఎవరును రెట్టించి అడిగెడివారు కారు.

మా అమ్మాయి తొలి కాన్పునకు మా యింటికి వచ్చి ఆడబిడ్డను కన్నది. నెల తిరుగకముందే ఆ పెద్దమ్మ చంకలో చిన్న మూటతో మా గడప ఎక్కెను. "అమ్మాయ్, డబ్బులు పెట్టలేను. ఇది నా చేత్తో కుట్టాను. పాత చీరేలే, అయినా వేడినీళ్లలో ఉడకబెట్టి మూడుసార్లు ఎండేశాను" అని ఒక చిన్న బొంత నా చేతిలో పెట్టెను. అది ఆమె నీలిరంగు నూలు చీర. ఆదివారములందు ఆమె దానిని కట్టుకొని వచ్చుట నేను ఏండ్ల తరబడి చూచియున్నాను. ఉతికి ఉతికి వెన్నవలె మెత్తనైన చీర అది.

అంగడిలో కొన్న దుప్పట్లు మూడు అప్పటికే మా యింట ఉండెను. బొచ్చుతో, బొమ్మలతో చూచుటకు ముచ్చటగానే యుండెను. అయితే అది మే నెల. ఆ దుప్పట్లు నూలువి కావు, చెమట పీల్చవు. బిడ్డ వాటిమీద ఏడ్చును, బొంతమీద నిద్రపోవును. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఒకనాడు బిడ్డ నిద్రించుచుండగా నేను ఆ కుట్లు లెక్కవేసితిని. వరుసకు వరుసకు నడుమ ఒక అంగుళము. అంగుళమునకు నాలుగు కుట్లు. వరుసలు 35, ఒక్కొక్క వరుస 44 అంగుళముల పొడవు. మొత్తము ఆరు వేలు దాటినవి. అవన్నియు కూలినుండి వచ్చి, వంట ముగించి, రాత్రి దీపము క్రింద కూర్చుండి వేసిన కుట్లు. చదివింపుల పుస్తకములో ఆమె పేరునకు ఎదురుగా ఏ అంకె వ్రాయగలము?

"అతుకుల బొంత" అని మనము హేళనగా అందుము. బంగాళములో ఇట్టి దానినే కాంథా అనియు, కర్ణాటకములో కౌది అనియు పిలిచి, గొప్ప పనితనముగా ఎంచుచున్నారు. మన నరసాపురము ప్రాంతపు స్త్రీల లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ అల్లిక పట్టుబడుటకు చాల అభ్యాసము కావలెను. బొంతకు అంత విద్య అక్కరలేదు. సూదిలో దారమెక్కించుట వచ్చిన ప్రతి స్త్రీయు దీనిని కుట్టవచ్చును.

ఆరు గజముల నూలు చీర ఒకటి చాలును. చినుగుపట్టిన భాగము విడిచి, గజము చొప్పున నాలుగు ముక్కలు కత్తిరింపవలెను. చీర వెడల్పు 45 అంగుళములైనచో, ముక్క 36కు 45 అంగుళములుండును. మిగిలిన గుడ్డలో బాగున్నంతవరకు పొత్తిగుడ్డలగును. ముక్కలను వేడినీళ్లలో ఉతికి ఎండవేసి, ఒకదానిపై ఒకటి నేలమీద పరచి, నాలుగు మూలల చెంబులు బరువు పెట్టవలెను. అంచులు అర అంగుళము లోపలికి మడిచి, నడుమనుండి అంచులవైపునకు పెద్ద పెద్ద టాకాలు వేయవలెను. అంచునుండి మొదలుపెట్టినచో నడుమ గుడ్డ ముడుతపడును. పిమ్మట రెండు పేటల నూలు దారముతో వరుసలు కుట్టి, టాకాలు ఊడదీయవలెను. దారపు ముడులు పొరల నడుమకు పోవలెను. పైనున్నచో పసి చర్మమునకు ఒత్తుకొనును. గుండీలు, పూసలు కుట్టరాదు. ఊడినచో బిడ్డ నోట పెట్టుకొనును. బొంతను బిడ్డ క్రింద సమముగా పరచవలెను గాని ముఖముమీదికి రానీయరాదు.

క్రిస్మసు కానుకగా సంచి యియ్యవచ్చును. పాత ప్యాంటు మోకాళ్ల యొద్ద చినిగినను తొడభాగము గట్టిగానే యుండును. దానిని కత్తిరించి, తిరుగవేసి, అడుగున రెండు వరుసలు కుట్టవలెను. నడుము పట్టీని రెండుగా కోసినచో చేతిపట్టీలగును. పట్టీ కలియుచోట చదరముగా కుట్టి, దానిలో అడ్డముగా గుణకారపు గుర్తువలె కుట్టినచో బరువునకు ఊడదు. 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31నుండి మన దేశమందు నిషేధింపబడినవి గనుక, ఇట్టి సంచి సంతకు పోవు ప్రతి యింటికిని అక్కరకు వచ్చును.

హన్నా ఏటేట చిన్న అంగీ చేసి సమూయేలునకు తీసికొనిపోయెను. బిడ్డ షిలోహులో, తల్లి తన యింట. ఈ యేడు ఎంత ఎదిగియుండునో యని తలపోసి ఆమె కొలత వేసికొనవలసియుండెను గదా! యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు, ఆమె చేసిన బట్టలను చూపుచు విధవరాండ్రు ఏడ్చిరి. చేతితో కుట్టుట యనగా ఒక మనిషిని అంతసేపు తలంచుట.

అయితే చేతిలో ధనముండి, అక్కరలోనున్న పొరుగువానికి బొంతతో సరిపెట్టరాదు. మన బిడ్డ క్రింద పరచుటకు మనమిష్టపడని గుడ్డను ఇతరుల బిడ్డకు ఇయ్యరాదు. పుచ్చుకొనువారును దానిని అటకమీద పడవేయక, పదిమంది చూచునట్లు వాడవలెను. మా మనుమరాలిని మేము ప్రతిష్ఠ ఆరాధనకు ఆ నీలి బొంతలోనే తీసికొనిపోతిమి. ఆ వారమే ముగ్గురు తల్లులు పెద్దమ్మ యింటికి పోయి, తమకును నేర్పుమనిరి. ఇప్పుడామె స్త్రీల సమాజములో నడుమ కూర్చుండి, కుట్టు వంకర పోయినవారిని గదుముచున్నది. విందులకును వచ్చుచున్నది. తల తిరుగుటను గూర్చి మరల మాటాడలేదు.

సంఘపు పెద్దలారా, మీ యిండ్లలో పెండ్లి జరిగినప్పుడు చదివింపులను మైకులో చదువుట మానుడి; పుస్తకములో వ్రాసికొనిన చాలును. సహోదరీ, నీవు నేటి రాత్రి పెట్టె తెరచి, మెత్తనైన నూలు చీర యొకటి ఏరి, రేపు ఉతికి ఎండవేయుము. ఎవరి యింట బిడ్డ పుట్టబోవుచున్నదో నీకు తెలియును గదా.