విమానాల ఊరిలో మనుషుల కొలతలు

అమెరికా దేశంలో, ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే పట్టణం ఉన్నది. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల ఊరు ఇదే. వారి సైకిలు దుకాణాలలో ఒకటి నేటికీ అక్కడ చూడవచ్చు. ఊరి పక్కనే రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరం ఉన్నది. అక్కడి మ్యూజియంలో 350కి పైగా విమానాలు, క్షిపణులు ఉన్నాయి. ప్రవేశానికి టిక్కెట్టు లేదు. పిల్లలూ, మీరెప్పుడైనా అక్కడికి వెళితే రెక్కలు చూసి ఊరుకోకండి. పైలట్ కూర్చునే చోటు కూడా చూడండి. దానికో కథ ఉన్నది.

రెండో ప్రపంచయుద్ధం తరవాత అక్కడి సైనిక విమానాలు తరచు ప్రమాదాల పాలయ్యేవి. పైలట్‌కు కూర్చునే చోటు సరిపోవటం లేదేమోనని అనుమానం కలిగింది. 1950లో ఈ స్థావరపు శాస్త్రజ్ఞులు నాలుగువేల మందికి పైగా పైలట్లను కొలిచారు. కొలిచినవారిలో గిల్బర్ట్ డేనియల్స్ ఒకడు. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు వంటి పది కొలతలలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఎందరని అతను లెక్క చూశాడు. 4,063 మందిలో ఎందరో తెలుసా? ఒక్కరూ లేరు! అందుకే ఎవరికి తగినట్టు వారు సర్దుకునే సీట్లు కావలసి వచ్చాయి.

1998లో ఇదే స్థావరంవారు మరికొందరితో కలిసి, ఈసారి స్కానరుతో, మామూలు పౌరులను కొలవసాగారు. అమెరికాలో వాడిన స్కానరు ముందు మనిషి బిగుతుదుస్తులతో కదలకుండా నిలబడితే, లేసరు వెలుగు గీతలా పడి తలనుంచి పాదాలదాకా దిగేది. అందుకు పట్టేది 17 సెకన్లే!

వెలుగు ఎలా కొలుస్తుంది? దారం నీడను గోడమీద పడనివ్వండి, తిన్నగా ఉంటుంది. గుమ్మడికాయమీద పడనిచ్చి పక్కనుంచి చూడండి, వంగుతుంది. ఆ వంపును కెమెరా చూస్తుంది, కంప్యూటరు లెక్కకట్టి ఒంటి ఆకారం తేలుస్తుంది.

ఎవరిని కొలుస్తామన్నది కూడా ముఖ్యమే. అమెరికా సైనిక విమానాలను చాలాకాలం 1967లో తీసిన మగ పైలట్ల కొలతలను బట్టే కట్టారు. పొట్టిగా ఉన్న ఆడవారికి అవి అనువుగా లేకపోయాయి. 2020లో గాని ఆ నియమం మారలేదు.

మన దేశంలో దుస్తుల సైజుల కోసం నిఫ్ట్ సంస్థ ఇలాగే స్కానర్లతో కొలిచే పని చేపట్టింది. ఎంచుకున్న ఆరు నగరాలలో హైదరాబాదు ఒకటి.

మీ తరగతిలో అందరి ఎత్తు, చేతి పొడవు, కాలి పొడవు కొలవండి. మూడింటిలోనూ సగటుకు దగ్గరగా ఎందరున్నారో చూడండి. తరవాత మీ బెంచీలు ఎవరి కొలతకు చేశారో ఆలోచించండి!