రెండంకెల సంవత్సరం, తొలి ఉద్యోగం

1990ల చివరలో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లుగా చేరిన పట్టభద్రులలో చాలామందికి, తాము పలకా బలపం పట్టకముందే అమెరికాలో ఎవరో రాసి వదిలేసిన ప్రోగ్రాములను చదివి, వాటిలో తేదీలు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో వెతికి సరిదిద్దడమే తొలి పనిగా దక్కింది. వైటూకే అని లోకమంతా పిలిచిన ఆ సమస్యకు మూలం పొదుపు: కంప్యూటరు మెమరీ మిక్కిలి ఖరీదైన 1960, 70 దశకాలలో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే భద్రపరిచేవారు కనుక, 2000 రాగానే యంత్రం దానిని 1900గా పొరబడి వడ్డీలనూ వయసులనూ తారుమారు చేసే ప్రమాదం ఏర్పడింది.

ఆ ప్రోగ్రాములు ఎక్కువగా కోబాల్‌లో, అంటే వ్యాపార లెక్కల కోసం 1959లో రూపకల్పన మొదలైన భాషలో ఉండేవి. పాత చిల్లుల కార్డుకు ఎనభై నిలువు వరుసలు ఉన్నందున కోబాల్ పంక్తికీ ఎనభై గడులే. మొదటి ఆరూ వరుస సంఖ్యకు పోగా, ఏడో గడిలో నక్షత్రపు గుర్తు (*) పెడితే ఆ పంక్తి మనుషులకు ఉద్దేశించిన వ్యాఖ్య అవుతుంది, ఆదేశాలు ఎనిమిదో గడి నుంచి డెబ్భై రెండో గడి వరకే సాగాలి. కళాశాలలో సీ, పాస్కల్ చదివి, అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో హడావుడిగా కోబాల్ నేర్చుకొని వచ్చినవారికి ఈ చాదస్తం మింగుడు పడేది కాదు.

అసలు చిక్కు పేర్లతో వచ్చేది. తేదీకి తేదీ అనే పేరున్నంత వరకు వెతుకులాట సులువే గాని, ఏ అర్థమూ చెప్పని పేరుతో దానిని దాచి, అక్కడి నుంచి మరో రెండు పేర్లలోకి మళ్లించిన చోట వెతికే సాధనాలు చేతులెత్తేసేవి. ఆ విలువ ఎక్కడ పుట్టి ఎటు పోతున్నదో కాగితం మీద గీసుకోవలసి వచ్చేది. దానికి తోడు, నూరుతో భాగింపబడే సంవత్సరం లీపు సంవత్సరం కాదన్న సూత్రాన్ని పాటించి, నాలుగు వందలతో భాగింపబడితే అవుతుందన్న మినహాయింపును మరిచిన ప్రోగ్రాములలో 2000 ఫిబ్రవరి 29 మాయమయ్యేది.

ఇది గుమాస్తా పని అని ఈసడించినవారు ఆనాడే ఉన్నారు. ప్రాజెక్టు లేక జీతం మీద ఎదురుచూసే ‘బెంచ్’ కంటే నయమని సరిపెట్టుకొన్నవారూ, 1998లో అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచాక దీనినే విమానపు మెట్టుగా చూసినవారూ ఉన్నారు. ఈసడింపు అన్యాయం. పరుల ఆలోచనను పంక్తి పంక్తిగా చదివే విద్య ఏ పాఠ్యప్రణాళికలోనూ లేని రోజులలో, ఆ తరానికి అది జీతంతో సహా దొరికింది.

అయితే అన్ని మరమ్మతులూ శాశ్వతమైనవి కావు. నాలుగంకెలకు విస్తరించే వ్యవధి లేని చోట విండోయింగ్ అనే ఉపాయం వాడేవారు: ఉదాహరణకు 30 కంటే చిన్న సంఖ్యను 2000ల కింద, మిగతావాటిని 1900ల కింద లెక్కించమని యంత్రానికి చెప్పడం. అటువంటి సరిహద్దుతో ఇంకా నడుస్తున్న ప్రోగ్రాము ఏదైనా ఉంటే, 2030 లోగా దానిని ఎవరో ఒకరు మళ్లీ తెరవక తప్పదు.