నొప్పి లేనప్పుడే నా పని

కోటబొమ్మాళిలో పళ్ళ ఆసుపత్రి మెట్లెక్కేవాళ్ళలో ఎక్కువమంది పన్ను పీకించుకోడానికే వస్తారు. డాక్టరుగారు చూసి, మిగిలిన పళ్ళయినా నిలవాలంటే గార తీయించుకోమని నా కుర్చీ వైపు పంపిస్తారు. నేను డాక్టర్ని కాదు, రెండేళ్ళ కోర్సు చదివిన డెంటల్ హైజీనిస్టుని. గార తీయడం, పళ్ళు మెరుగుపెట్టడం, నోటి శుభ్రత నేర్పడం: 1948 నాటి దంతవైద్యుల చట్టం మాకు రాసిచ్చిన పని ఇంతే.

కూర్చోగానే నోరు తెరవమనను. షుగరుందా, బీపీ ఉందా, గుండెకి మందులు వాడుతున్నారా అని అడుగుతాను. "పంటికీ షుగరుకీ సంబంధం ఏటమ్మా?" అంటారు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు తొందరగా చెడతాయి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటే నెత్తురు ఆలస్యంగా ఆగుతుంది. అలాగని మాత్రలు మానేసి రావద్దు, మందుల చీటీ తెస్తే చాలు.

అద్దం పెట్టి నేను ముందు చూసేది అంగిలి. మా శ్రీకాకుళం జిల్లాలో నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో, ఇంకా ఉంది. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. తెల్లగా మందమెక్కి, మధ్యమధ్య ఎర్రచుక్కలు తేలతాయి. డెన్మార్కు శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన దేశపు ఫలీ మెహతా బృందం శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, 1971లో ఈ మార్పుల మీదే అధ్యయనం ప్రచురించింది. ఎర్రమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే గార పని ఆపి డాక్టరుగారిని పిలుస్తాను.

ఆ తర్వాత గీతలున్న సన్నటి కడ్డీతో చిగురు లోతు కొలుస్తాను. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిదే. గార ఎక్కువగా దొరికేది కింది ముందు పళ్ళ లోపలి వైపు, పై దవడ పళ్ళ బుగ్గ వైపు. లాలాజలం ఊరే గొట్టాలు తెరుచుకునేది అక్కడే, అందులోని కాల్షియమే పాచిని రాయిలా గట్టిపరుస్తుంది. మిషను కొన సెకనుకు పాతిక వేలసార్లకు పైగా కంపిస్తూ దాన్ని పగలగొడుతుంది, వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతుంది. కొంచెం జివ్వుమంటుంది, నెత్తురు కనిపిస్తుంది. ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తండి, ఆపేస్తాను.

"క్లీనింగు సేయిస్తే పళ్ళు కదిలిపోతాయటమ్మా?" అని అడగని మామ్మ లేదు. గార కింద ఎముక ఏనాడో అరిగిపోయి ఉంటుంది. గారే పళ్ళని పట్టి ఉంచుతుంది కాబట్టి అది పోగానే వదులు బయటపడుతుంది. తీయకపోతే ఆ మిగిలిన ఎముకా పోతుంది.

గార తీశాక రెండు మూడు రోజులు చల్లనివి తగిలితే పళ్ళు జివ్వుమంటాయి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి, మెత్తటి బ్రష్షుతో తోముకుంటే సర్దుకుంటుంది. ఇటుకపొడి, బొగ్గు మాత్రం వద్దు.

"నొప్పి నేదు కదా, మళ్ళీ ఎందుకమ్మా?" అంటారు వెళ్తూ. గారకి నొప్పి ఉండదు, అంగిలి మీద మచ్చకీ మొదట్లో ఉండదు. నొప్పి వచ్చాక వస్తే మీరు కూర్చోవలసింది డాక్టరుగారి కుర్చీలో.