అంతరాత్మయు వోటును

రాష్ట్రపతి యెన్నిక వచ్చినపుడు మన యూళ్లలో సందడి యుండదు. గోడలమీద వ్రాతలుండవు, మైకు కట్టిన బండి వీధులు తిరుగదు, మన గడప త్రొక్కి చేతులు జోడించు అభ్యర్థి కానరాడు. వోటు మనది కాదు గదా! పార్లమెంటునకును శాసనసభలకును మన మెన్నుకొన్న సభ్యులే యిందు వోటర్లు. అట్లని ప్రచారమే లేదనుకొనరాదు. వోటర్లు కొద్దిమంది యగుటచేత నది మైదానములను విడిచి గదులలోనికి చేరును. ఉపన్యాసములు తగ్గి లెక్కలు హెచ్చును. ఆ లెక్కలకు లొంగని మాట యొకటి 1969లో బయలుదేరి దేశమునంతను వాదములో ముంచినది. ఆ మాట అంతరాత్మ.

ఆ సంవత్సరము మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు పదవిలో నుండగనే కాలధర్మము నొందిరి. ఉపరాష్ట్రపతి వి. వి. గిరిగారు తాత్కాలికముగా ఆ భారమును వహించిరి. జూలైలో బెంగుళూరున కూడిన కాంగ్రెసు పెద్దలు, ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు సూచించిన జగ్జీవన్ రామ్ గారిని కాదని, లోక్‌సభాధ్యక్షులు నీలం సంజీవరెడ్డిగారిని నిలువబెట్టిరి. గిరిగారు ఏ పక్షపు టిక్కెట్టును లేకయే పోటీకి దిగిరి. స్వతంత్ర పార్టీయు జనసంఘమును సి. డి. దేశముఖుగారిని బలపఱచెను. ప్రధాన ప్రత్యర్థు లిరువురును తెలుగువారే: ఒకరి పుట్టినయూరు బరంపురము, మఱొకరిది అనంతపురము జిల్లాలోని ఇల్లూరు. మన పెద్దలు కొందఱు దీనికి మురిసిరట. పోరు మాత్రము వారిరువురిది కాదు. కాంగ్రెసు ఎవరి చేతిలో నుండవలె నన్నదే అసలు తగవు.

రెడ్డిగారి నామపత్రముపై ప్రధానమంత్రియే సంతకము చేసిరి. ఆ నెలలోనే మొరార్జీదేశాయిగారి యొద్దనుండి ఆర్థికశాఖను తీసికొనిరి. జూలై 19వ తేదీన 14 బ్యాంకులను జాతీయము చేసిరి. ఆ యార్డినెన్సుపై సంతకము చేసినవారు గిరిగారే. మఱునాడు వారు పదవి వదలిరి. ఇంతలో కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు, రెడ్డిగారికి రెండవ ప్రాధాన్యపు వోట్లు వేయుడని కోరుచు స్వతంత్ర, జనసంఘ నాయకులతో సంప్రదింపులు జరిపిరి. దీనినే ఆధారముగా గొని ప్రధానమంత్రి పక్షమువారు సభ్యుల కెట్టి ఆదేశమును లేదనియు, ఎవరి యంతరాత్మ చెప్పినట్లు వారు వోటు వేయవచ్చుననియు ప్రకటించిరి.

ఇచట నా మనస్సు రెండుగా చీలును. సంతకము చేసినచేతితోనే దానిని తుడిచివేయుట నాకు రుచింపదు. వందలకొలది యంతరాత్మలు ఒకే వారమున, ఒకే పిలుపునకు మేల్కొన్నచో, అది మేల్కొలుపా, మఱొక యాదేశమా యని యడుగక తప్పదు. శాకుంతలమున దుష్యంతుడును సంశయము కలిగినపుడు తన యంతఃకరణమునే ప్రమాణముగా గొనెను. ఆ యంతఃకరణమే తరువాత నిండుసభలో ఆమె నెఱుంగనన్నది! శాపమువలన నని కాళిదాసు సర్దిచెప్పెను గాని, రాజకీయములకు దుర్వాసుడు కూడ నక్కఱలేదు. అయినను ఈ యెన్నికలో వోటు రహస్యము. రహస్యముగా వేయు వోటు వేయువానిది గాక మఱెవ్వరిది? పక్షము చెప్పినదే వేయవలసియున్నచో తెర యేల, పెట్టె యేల?

పాఠశాలలో ఈ కథ చెప్పుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, "మాస్టారూ, మా యింట్లో అమ్మ, నాయనమ్మ, అందఱూ నాన్నగారు చెప్పిన గుర్తుకే వేస్తారండీ. అదికూడ ఆదేశమేనాండీ?" అని యడిగెను. తరగతి నవ్వెను. ఆమె తండ్రి నేనెఱిగినవాడే. చదువుకొన్నవాడు, స్త్రీవిద్యను గూర్చి చక్కగా ఉపన్యసింపగలవాడు. అట్టివాడే భార్యకు చీర యెంచుకొను స్వేచ్ఛ నిచ్చి, వోటును మాత్రము ముడుపువలె తన చేతిలో నుంచుకొనుచున్నాడు. ఢిల్లీలోని యాదేశమును ఖండించి, వంటింటి గుమ్మమున నిలిచి ఆదేశమిచ్చు వారు మనలో నెందఱో! "ఔనమ్మా, ఆదేశమే" అంటిని. ఆ మాట యింటికి చేరి యుండును, చేరవలెననియే అంటిని.

ఆగష్టు 16వ తేదీన పోలింగు, 20వ తేదీన లెక్కింపు జరిగెను. అందఱి వోటునకు ఒకే విలువ లేదు. పార్లమెంటు సభ్యుని వోటు 576. ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యునిది, జనసంఖ్యనుబట్టి, 125. గెలుపునకు కావలసినవి 4,18,169. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖుగారికి 1,12,769 వచ్చెను. ఎవ్వరును గట్టెక్కలేదు. వెనుకబడినవారి రెండవ ప్రాధాన్యములను పంచగా, అందు పెద్దభాగము రెడ్డిగారికే చేరెను. నిజలింగప్పగారి శ్రమ వట్టిపోలేదు, చాలలేదు, అంతే. తుదకు గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. పదుముగ్గురు పార్లమెంటు సభ్యులు ఇటునుండి అటు తిరిగియున్నచో ఫలితము తాఱుమాఱయ్యెడిది. ఆ పదుముగ్గురిలో ఎందఱిది అంతరాత్మయో, ఎందఱిది ముందుచూపో, పెట్టె చెప్పదు.

ఈ ప్రచారమున మిక్కిలి నీచమైనది రెడ్డిగారి శీలమును నిందించుచు పంచిన కరపత్రము. దానిమీదను ఎన్నిక సుప్రీంకోర్టుకెక్కెను. 1970లో గిరిగారు రాష్ట్రపతిగా నుండియు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చిరి. వ్యాజ్యము కొట్టివేయబడెను. కాంగ్రెసు అప్పటికే, 1969 నవంబరులో, రెండుగా చీలియుండెను.

సంజీవరెడ్డిగారు కొంతకాలము అనంతపురమున సేద్యము చేసికొనిరి. 1977లో మొరార్జీగారు ప్రధానిగా నుండగా రాష్ట్రపతి పదవికి 37 మంది నామపత్రములు వేసిరి. అందు 36 చెల్లవని త్రోసివేయగా మిగిలినది రెడ్డిగారిది. ఆ యేడు ఎవ్వరి యంతరాత్మను అడుగ నక్కఱ లేకపోయెను, పెట్టెయే తెఱవలేదు.