యారాడ ఇసుకలో తీరిన సందేహం

విశాఖపట్నంలో కాపురం ఉన్నవాళ్ళకు, వచ్చిన చుట్టాలకు సముద్రం చూపించడం తప్పని ధర్మం. ఊళ్ళో బీచి అందరూ చూసేదే. కాస్త ఓపిక ఉన్నవాళ్ళను యారాడ తీసుకువెళ్ళాలి. సింధియా దాటి, కొండ ఎక్కి దిగితే ఆవలి పక్కన ఉంటుంది ఆ ఊరు. మూడు వైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. కొబ్బరిచెట్ల నీడ హాయిగా ఉంటుంది. కాని అక్కడ అలలు పొగరుబోతువి, స్నానానికి దిగడం మంచిది కాదు.

మొన్న సంక్రాంతి సెలవులలో మేమూ మా పక్కింటివారూ కలిసి వెళ్ళాము. పక్కింటాయన క్రైస్తవుడు, బ్యాంకు ఉద్యోగి. ఆయన తల్లిగారు నంద్యాల నుంచి వచ్చి ఉన్నారు. వయస్సు ఎనభైయైదు. మేమంతా మామ్మగారనే పిలుస్తాము. మనుమరాలికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఈ ఊరివాడే, కాథలిక్కు. వీళ్ళేమో దక్షిణ ఇండియా సంఘం వారు.

కొండ మలుపులో కారు ఆపి వెనక్కి చూశాము. కింద రేవు, ఓడలు. నీటికి అవతల మూడు గుట్టలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి కోవెల, ఒకదానిమీద దర్గా, మూడోదానిమీద మేరీమాత గుడి. రాస్ అనే ఆయన 1864లో ఆ మూడో గుట్టమీద ఇల్లు కట్టుకున్నాడట. తరువాత ఆ ఇల్లే కాథలిక్కుల ప్రార్థనాలయమైంది. గుట్టకు ఆయన పేరు మిగిలింది.

మామ్మగారు అటే చూస్తూ, "ఆ గుడివాళ్ళు మా పిల్ల బాప్తిస్మం చెల్లదంటారేమో నాయనా!" అన్నారు.

నాకు ఆశ్చర్యం వేసింది. బయటివాళ్ళకు క్రైస్తవులంతా ఒక్కటే. కిందికి దిగి, కొబ్బరిచెట్ల కింద పులిహోర తింటూ పక్కింటాయనను అడిగాను. ఆయన విడమరచి చెప్పాడు.

క్రీస్తు తన ముఖ్యశిష్యులను అపొస్తలులుగా పంపాడు. వారు తమ తరువాతివారి తలమీద చేతులుంచి పెద్దరికం ఇచ్చారు. వారు మరొకరికి ఇచ్చారు. ఆ చేతుల గొలుసు తెగకుండా నేటి బిషప్పులదాకా వచ్చిందని కాథలిక్కుల నమ్మకం. మన మఠాలలో గురుపరంపర ఉన్నదే, అలాంటిదన్నమాట. ఆ గొలుసులో లేని గురువు రొట్టె, ద్రాక్షారసం ఆశీర్వదించినా అది పూర్తి సంస్కారం కాదంటారు. బాప్టిస్టులవంటివారు మాత్రం గొలుసు ముఖ్యం కాదు, అపొస్తలుల బోధ నిలుపుకుంటే చాలునంటారు.

ఇంగ్లండు సంఘం వారికీ బిషప్పులున్నారు. తమ గొలుసూ తెగలేదని వారి వాదం. కాని 1896లో పోపు పదమూడవ లియో, 16వ శతాబ్దంలో వారు అభిషేకవిధిని మార్చుకున్నారు గనుక వారి గురుత్వం చెల్లదని తీర్పు చెప్పాడు. మరుసటి ఏడే ఇంగ్లండు ఆర్చిబిషప్పులు జవాబు రాశారు. ఆ తీర్పును రోము ఇప్పటికీ రద్దు చేయలేదు.

"ఆ తగాదా మా ఇంట్లోకీ వచ్చింది నాయనా," అన్నారు మామ్మగారు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెంట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు మొదలైనవారు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. దోర్నకల్ బిషప్పు అజరయ్య ఆ ఐక్యతకోసం ఎంతో పాటుపడ్డాడు. 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. 1945లో పోయాడు, ఆ రోజు చూడలేదు. ఒడంబడిక ఏమంటే, ఇకమీదట గురువులకు అభిషేకం చేసేది బిషప్పులే. అంతకుముందు బిషప్పు చేయి పడకుండా పాదిరులైనవారికి మాత్రం మళ్ళీ అభిషేకం అక్కరలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. వారు విడిగా ఉండిపోయారు.

"నాకప్పుడు ఏడేళ్ళు. మా నాయన కలవనన్నాడు. మా చిన్నాయన అత్తగారి ఊరికి పోయి కొత్త సంఘంలో కలిసినాడు. రెండేళ్ళకు ఆయనకు కొడుకు పుట్టినాడు. బిషప్పు చేయి పడని పాదిరి వానికి బాప్తిస్మమిచ్చినాడు. అది చెల్లదని మా నాయన విందుకు పోలేదు. అంతటితో రాకపోకలు నిలిచిపోయినాయి."

అంతదాకా మౌనంగా ఉన్న పెళ్ళికూతురు అప్పుడు నోరు విప్పింది.

"ఫాదరుగారిని అడిగాను అవ్వా! నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరున, సంఘం ఉద్దేశించినట్టు ఇస్తే చాలు, ఎవరిచ్చినా చెల్లుతుందట. ప్రాణంమీదికి వస్తే గురువు కానివాళ్ళు కూడా ఇవ్వవచ్చట. మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్ బయటివాళ్ళ బాప్తిస్మం చెల్లదన్నాడట. రోము బిషప్పు స్టీఫెన్ చెల్లుతుందన్నాడట. చివరికి స్టీఫెన్ మాటే నిలిచింది. నాకు మళ్ళీ జ్ఞానస్నానం వద్దన్నారు. బాప్తిస్మపత్రం తెమ్మన్నారు. పెళ్ళికి వారి బిషప్పుగారి అనుమతి తీసుకుంటారట."

మామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "అయితే మా నాయన ఊరికే పోట్లాడినాడా?" అన్నారు.

ఎవరం జవాబు చెప్పలేకపోయాము. గురుత్వం గురించి ఆ తండ్రి బెంగ అబద్ధం కాదు. కాని ఆ గొలుసు అవసరం లేని చోట దానికోసం తమ్ముణ్ణి వదులుకున్నాడు. నంద్యాల వారు 1975లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు. అప్పటికి ఆ చిన్నాయన లేడు.

"గొలుసు అడ్డువచ్చేది ఒక్కచోటే," అన్నాడు పక్కింటాయన. "పెళ్ళిపూజలో సత్ప్రసాదం పంచినప్పుడు మేము లేచి వెళ్ళకూడదు. మా బెంచీలోనే కూర్చోవాలి."

"కూర్చుంటాములే. పిల్ల కనబడుతుంది కదా," అన్నారు మామ్మగారు.

పొద్దు వాలుతుండగా బయలుదేరాము. మలుపు దగ్గర మామ్మగారు మళ్ళీ కారు ఆపించారు. రేవులో దీపాలు వెలుగుతున్నాయి. ఆ గుట్టవైపు కాసేపు చూసి కొడుకుతో అన్నారు:

"చిన్నాయన కొడుకు కర్నూలులో ఉన్నాడంట కదా. వానికీ డెబ్భై దాటినాయి. మొదటి శుభలేఖ వానికి పంపు. పోస్టులో వద్దు, నేనే తీసుకుపోయి ఇస్తాను."